కరుగునీటిని కొలవబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కెనడాలోని నునావుట్‌లో, బాథర్స్ట్ దీవిలోని పోలార్ బేర్ పాస్ చిత్తడి నేలల్లో కరుగునీటిని కొలవడానికి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకు 1982లోనే ఎక్కిన ఆ లోయ పెద్దదే గాని, దానిలోకి దిగే వాగులు చిన్నవి. లక్షల క్యూసెక్కుల లెక్కలు వింటూ పెరిగిన మనకు సెకనుకు ఇన్ని లీటర్లని రాసుకోవడం మొదట్లో వింతగా ఉంటుంది. అయితే ఏడాదిలో పారే నీటిలో అధికభాగం మంచు కరిగే ఆ కొద్ది వారాల్లోనే వెళ్లిపోతుంది కనుక, ఆలస్యంగా చేరితే ఆ ఏటి లెక్క అంతటితో పోయినట్టే.

ముందుగా, కరగడం మొదలుకాకమునుపే మంచును కొలవాలి. గాలి మిట్టల మీది మంచును ఊడ్చుకుపోయి వాగుగాడుల్లో పోగుచేస్తుంది. అందుచేత నడకకు అనువైన చోట్ల తీసిన సగటును నేను లెక్కలోకే తీసుకోను. మిట్ట, వాలు, చదును, గాడి, వీటిలో దేనికది విడిగా లోతు చూసి, గొట్టంతో తీసిన మంచును తూచి, వాటి విస్తీర్ణాలను బట్టి కలుపు. 40 సెంటీమీటర్ల మంచు సాంద్రత నీటి సాంద్రతలో 0.35 వంతు ఉంటే, అది 140 మిల్లీమీటర్ల నీటితో సమానం. పొరుగు దీవిలోని రెజొల్యూట్ వాతావరణ కేంద్రం అంకెలను పోల్చుకోవడానికి మాత్రమే ఉంచుకో, ఎందుకంటే బలమైన గాలిలో ఏ మాపకమూ పడిన మంచునంతా పట్టలేదు.

ఎండ కాసిన వెంటనే వాగు పారదు. తొలి నీరు మంచులోకే ఇంకి, లోపలి చలికి మళ్లీ గడ్డకడుతుంది. పొరంతా సున్నా డిగ్రీలకు చేరాకే నీరు కిందికి దిగుతుంది. అప్పుడు కూడా గాడిలోని మంచు దాన్ని ఆపి, ఒక్కసారిగా వదలవచ్చు. ఆ రోజుల్లో నీరు మంచు మీదుగా పారుతుంది కనుక మట్టం ఎక్కువగా కనిపించినా ప్రవాహం తక్కువే ఉంటుంది. గాడి శుభ్రపడేదాకా మట్టాన్ని చూసి ప్రవాహాన్ని ఊహించకుండా, నీటి వేగం కొలిచే కరెంట్ మీటర్‌తో రోజుకు కనీసం రెండుసార్లు కొలువు. సూర్యుడు అస్తమించకపోయినా ఎండ హెచ్చుతగ్గులు ఉంటాయి. ఉద్ధృతి తరచు సాయంత్రం దాటాకే వస్తుంది కాబట్టి నిద్రవేళలు దాన్ని బట్టి మార్చుకో. కింద నీరు తొలిచిన మంచు మీద అడుగుపెట్టకు, ఎలుగుబంట్ల జాడ తెలిసిన తోడు లేకుండా శిబిరం దాటకు.

చిత్తడిలోకి వచ్చిన నీరంతా బయటికి పోదు. అడుగున పెర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేల, ఉంది, జూన్ మొదట్లో పైనేల కూడా గడ్డకట్టే ఉంటుంది కనుక నీరు పెద్దగా ఇంకదు. కుంటలు కిందటి ఏటి లోటు తీరేదాకా నిండి, ఆపైన ఒకదాన్నుంచి ఒకదానికి పొర్లుతాయి. ఆ పొర్లు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు తెగిందో తప్పక రాసిపెట్టు. నా దృష్టిలో గరిష్ఠ ప్రవాహపు అంకెకన్నా ఆ తేదీలే విలువైనవి. వాతావరణం వేడెక్కేకొద్దీ నేల మరింత లోతుకు కరుగుతుంది, ఆవిరయ్యే నీరు పెరుగుతుంది, వేసవి చివరి వాన కూడా వరద తేగలదు. కనుక మంచు కరగగానే ముగిసే ప్రణాళికకు, ఖర్చు తగ్గుతుందని ఎవరు చెప్పినా, ఒప్పుకోకు. ఆగస్టు చివర బయలుదేరే ముందు కుంటల మట్టాన్నీ, కరిగిన నేలలో ఇనుపచువ్వ దిగినంత లోతునూ గుర్తులు పెట్టిన చోట్లనే కొలిచి, వచ్చే జూన్‌లో వెళ్లేవారికి ఆ పట్టిక అందేలా చూడు.

ఇట్లు,
మీ పెదనాన్న