ముందు పాత కొట్ల గడప తొక్కండి

ప్రశ్న: మాది ఉదయగిరి. ఇంట్లో చెక్క చెంచాలు, గరిటెలు చేస్తాం. ఈ మధ్య మా బజారులో నాలుగు కొట్లు మూతపడ్డాయి. ఏదైనా ఫ్యాక్టరీ తెప్పించమని మంత్రిగారికి అర్జీ పెడదామని వర్తకుల సంఘం పెద్దలు అంటున్నారు. ఉన్నవాటిని నిలబెట్టుకోవాలి కదా అని నేనంటే, ఎలాగో నువ్వే చెప్పమన్నారు. చెప్పలేకపోయాను.
– ఒక పాఠకురాలు

జవాబు: అర్జీ పెట్టనివ్వండమ్మా, కాగితం ఖర్చే కదా. ఆ ఫ్యాక్టరీ వచ్చేలోగా మీరొక వంద పేజీల నోటుపుస్తకం కొనండి. మొదట ఆ మూతపడిన నాలుగు కొట్ల వాళ్ల ఇళ్లకు వెళ్లండి. పోయేదేమీ లేదు కాబట్టి వాళ్లు నిజం చెబుతారు. తరువాత బజారులో ఒక్క కొట్టూ వదలకుండా తిరగండి, అదీ మధ్యాహ్నం బేరాలు లేని వేళ. వ్యాపారం ఎలా ఉందని మాత్రం అడగవద్దు. బాగానే ఉందంటారు, అక్కడితో సరి. మీకు ఎవరు ఎంత బాకీ, మీ తరువాత ఈ గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చుంటారు, బయటి ఊళ్ల నుంచి తెచ్చే సరుకులో ఇక్కడే దొరికేది ఏదైనా ఉందా, ఇవి అడగండి.

బాకీల సంగతి ముందు పెట్టడానికి కారణం ఉంది. నేను బ్యాంకు మేనేజరుగా ప్రకాశం జిల్లాలో ఉన్నప్పుడు వేరుశనగ నూనె ఆడించే ఒకాయన నెల తప్పకుండా వాయిదా కట్టేవాడు. ఉన్నట్టుండి మిల్లు మూసేశాడు. ప్యాకెట్ నూనెల పోటీకి ఆగలేకపోయాడని నేనే తీర్మానించుకున్నాను. కొన్నేళ్లకు కనిగిరి బస్టాండులో కనిపించి అసలు సంగతి చెప్పాడు: ఒక హోటలు ఎనిమిది నెలల నూనె డబ్బు ఎగ్గొట్టింది. ‘అప్పుడే చెప్పలేదేం?’ అన్నాను. ‘మీరు వాయిదా గురించి తప్ప ఏమడిగారు సార్?’ అన్నాడు. నిజమే, ఆయన పాసుపుస్తకం చూశాను గాని బాకీల చిట్టా ఎన్నడూ తెరిపించలేదు.

చట్టం ఆయన వైపే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీదారు దగ్గర సరుకు తీసుకున్నవారు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, డబ్బు కట్టడం 45 రోజులు దాటించకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. ఈ హక్కు కోసం ‘ఉద్యమ్’ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో మీ వ్యాపారం నమోదై ఉండాలి. అది ఉచితం, ఆధార్, పాన్ ఉంటే అయిపోతుంది. సరుకు పంపకముందే చేయించుకోండి. డబ్బు రాకపోతే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. అయితే సరుకు కొని అమ్మే కిరాణా, బట్టల కొట్లకు ఉద్యమ్ నమోదు ఉన్నా ఈ హక్కు రాదు, బ్యాంకు రుణాల వరకే పనికొస్తుంది. ఈ తేడా చెప్పకుండా అందరినీ నమోదు చేయిస్తే రేపు మిమ్మల్నే తిడతారు.

వారసుల విషయానికి నాకు తెలిసి ఏ పథకమూ లేదు. మూసే ఆలోచనలో ఉన్న పెద్దాయనను, కొట్టు కోసం వెతుకుతున్న కుర్రవాణ్ణి ఒక పూట కూర్చోబెట్టడమే మీరు చేయగలిగింది. పాత అప్పు ఎంత, సరుకు ఎంత, అద్దె ఎవరి పేర అన్నవి కాగితం మీద పెడితే సగం బేరం కుదిరినట్టే.

ఇక మీ చెంచాలు. వాటికి భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ పేరు ఈ ప్రాంతపు సరుకుకే చెల్లుతుందన్న ప్రభుత్వ నమోదు, ఉంది. దాన్ని సంఘం బోర్డు మీద రాసుకుంటే చాలదు. చేసే ప్రతి కుటుంబమూ అధీకృత వాడుకదారుగా నమోదైతేనే ఆ పేరు వాడుకునే హక్కు దక్కుతుంది. మీ ఇంట్లో ఎవరైనా అయ్యారా?

మరొకటి, కొంచెం కొంటె ప్రశ్నే. మీ బజారు భోజన హోటళ్లలో వడ్డించే గరిటెలు మీవా, స్టీలువా? దుర్గం చూసి దిగేవాళ్లకు బస్టాండులో మీ చెంచా ఒక్కటైనా కనిపిస్తుందా? అదీ నోటుపుస్తకంలో రాసుకుని, రెండు నెలల తరువాత నాకు పంపండి.