పోస్టరెక్కిన సగం వాక్యం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన, నువ్వు సమీక్షించిన గాయకుడి కచేరీ పోస్టరు ఫొటో కూడా అందాయి. నీ సమీక్షను, పోస్టరును పక్కపక్కన పెట్టుకుని చదివాను. నువ్వు రాసిన వాక్యం ఇది: “మనసును కట్టిపడేసే మాధుర్యం ఆ గొంతులో ఉన్నా, తారస్థాయికి వెళ్ళిన ప్రతిసారీ శ్రుతి జారిపోవడంతో ఆ రెండు గంటల కచేరీ మరచిపోలేని అనుభవంగా మిగలాల్సింది పోయి ఓపికకు పరీక్షగా మారింది.” పోస్టరు మీద నీ పేరుతో అచ్చయినది ఇది: “మనసును కట్టిపడేసే మాధుర్యం... మరచిపోలేని అనుభవం.” తారస్థాయి పోయింది, శ్రుతి పోయింది, ఓపికకు పెట్టిన పరీక్ష పోయింది. ‘అనుభవంగా’ అన్న మాటలోని ‘గా’ను కూడా వదిలిపెట్టలేదు. మూడు చుక్కలకైనా అక్కడ ఏదో తీసేశామన్న కనీసపు ఒప్పుకోలు ఉంటుంది. ఆ ‘గా’ను తీసేసినందుకు గుర్తు కూడా లేదు. నీకు కోపం రావడం న్యాయమే.

అయితే నీ పరువు పోయిందని, నిన్ను నమ్మే పాఠకుల ముందు తలెత్తుకోలేకపోతున్నావని రాశావు. ఆ మాటతో నేను ఏకీభవించను. నీ సమీక్ష పూర్తిగా అచ్చయి ఉంది. ఎవరు కావాలన్నా తీసి చదువుకోవచ్చు. ఇక్కడ నిజంగా మోసపోయింది ఆ పోస్టరు చూసి, నీ పేరు మీద నమ్మకంతో టికెట్టు కొని, ఆ సాయంత్రమంతా శ్రుతి జారే గొంతు ముందు కూర్చునే శ్రోత. ఆ శ్రోతకు నీ సమీక్ష చదివే తీరిక ఉండకపోవచ్చు, పోస్టరు మీది ఐదు మాటలే అతని దాకా చేరవచ్చు. కనుక ఈ విషయంలో నువ్వు ఏం చేసినా అతన్ని దృష్టిలో పెట్టుకుని చెయ్యి. సొంత పరువు కోసం రాసే ఖండనలో ఆవేశమే ఎక్కువగా కనిపిస్తుంది. శ్రోత కోసం రాసినప్పుడు విషయం దానంతట అదే స్పష్టంగా వస్తుంది.

మన వాక్యాలు ఇలా కోతకు ఎందుకు లొంగుతాయో ముందు చెబుతాను, ఎందుకంటే అందులో మన చేతిలో ఉన్నదీ కొంత ఉంది. తెలుగు వాక్యంలో తీర్పు చివరికి వస్తుంది. “ఇంత నిండైన వాద్యం ఈ మధ్యకాలంలో విన్నానని చెప్పలేను” అని రాస్తే, చివరి మాట ఒక్కటి కత్తిరించి, పక్క మాటను కాస్త సర్దితే చాలు, నిందంతా పొగడ్త అయిపోతుంది. “ఈ తరంలో ఇంతటి సాహసం ఎవరూ చేయలేదని ఆల్బమ్‌తో పాటు వచ్చిన ప్రచార పత్రం చెబుతోంది గానీ” అని నువ్వు ఇతరుల మాటను చెప్పి ఖండించబోతే, ఖండన పోయి ఆ మాట నీదై కూర్చుంటుంది. “సాధన ఇంకొంచెం ఉండి ఉంటే ఇది అద్భుతమయ్యేది” అన్న వాక్యంలో ‘ఉంటే’ ఎగిరిపోయి అద్భుతం మిగులుతుంది. పక్క వాద్యం గురించి రాసిన మెచ్చుకోలు గాయకుడి ఖాతాలోకి వెళుతుంది. ఒక పాట గురించి అన్నది ఆల్బమ్ మొత్తానికి వర్తిస్తుంది. పదేళ్ళ కిందటి కచేరీకి ఇచ్చిన ప్రశంస తేదీ లేకుండా రేపటి కచేరీకి అతుక్కుంటుంది. వీటన్నింటిలోకీ ఈ చివరిదే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది, ఎందుకంటే అందులో ఒక్క అక్షరం కూడా మారదు, అయినా అబద్ధమే.

ఎంత జాగ్రత్తగా రాసినా ఈ ప్రమాదం పూర్తిగా తప్పదని చెప్పడానికి ఒక పాత సమీక్ష గుర్తు చేస్తాను. 1950 డిసెంబరు 5న వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాల్‌లో అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ కుమార్తె మార్గరెట్ పాడింది. ‘వాషింగ్టన్ పోస్ట్’ సంగీత విమర్శకుడు పాల్ హ్యూమ్ మర్నాడు తన సమీక్షలో ఆమెను అమెరికాలో సాటిలేని విశేషమన్నాడు, ఇంపైన గొంతు అన్నాడు. అదే వాక్యంలో ఆ గొంతు చిన్నదనీ, నాణ్యత ఓ మోస్తరేననీ అన్నాడు. ఆ తర్వాత ఆమె బాగా పాడలేదనీ, చాలాసేపు శ్రుతికి దిగువనే పాడిందనీ ఏ దాపరికమూ లేకుండా రాశాడు. ఇప్పుడు నువ్వే పోస్టరు వేసేవాడి కళ్ళతో చూడు: “అమెరికాలో సాటిలేని విశేషం... ఇంపైన గొంతు.” అలాంటి పోస్టరు ఎవరో వేశారని నేను అనడం లేదు. హ్యూమ్ రాసినంత సూటి సమీక్షలో కూడా వేయదలచుకుంటే సరుకు దొరుకుతుందని మాత్రమే చెబుతున్నాను. ఎంత కఠినమైన సమీక్షలోనైనా న్యాయంగా చెప్పవలసిన మంచి మాట ఒకటి ఉంటుంది, ఉండాలి కూడా. కోతకు భయపడి ఆ మాటను మానేస్తే, కత్తెర పట్టినవాడు నీ పాఠకుడితో పాటు నిన్నూ మార్చేసినట్టే.

కాబట్టి మెచ్చుకోవడం మానకు. మెచ్చుకోలు ఎక్కడ పెడుతున్నావో చూసుకో. నీ ప్రధాన తీర్పును ఒక చిన్న, సొంతకాళ్ళ మీద నిలబడే వాక్యంగా ముందే రాసెయ్యి: “తారస్థాయిలో శ్రుతి నిలవలేదు.” దాన్ని ఎలా విరిచినా పొగడ్త రాదు. మెచ్చుకోలును విశేషణాలతో కాక వివరంతో చెప్పు. ‘మనసును కట్టిపడేసే మాధుర్యం’ అన్నది ఎవరి గురించైనా రాయగల మాట. అందుకే అది ఏ పోస్టరు మీదైనా ఇట్టే అతుకుతుంది. “మంద్రస్థాయిలో నెమ్మదిగా సాగిన రెండో కీర్తనలో గొంతు నిండుగా పలికింది” అంటే అది ఆ గొంతుకే, ఆ కీర్తనకే చెందుతుంది. దాన్ని పోస్టరు మీద వేసుకున్నా అబద్ధం కాదు, వేసుకోనీ. వివరం ఉన్న మెచ్చుకోలు కళాకారుడికి కూడా ఎక్కువ ఉపయోగం, తన బలం ఎక్కడుందో అతనికి తెలుస్తుంది. ఇతరుల గొప్పలు ఖండించడానికి రాయవలసి వస్తే ముందు ఖండన రాసి ఆ తర్వాత వారి మాట రాయి.

ఇక్కడ మన వైపు తప్పు కూడా ఒకటి చెప్పాలి. పోస్టరు మీద కనబడాలన్న ఆశతోనే వాక్యాలు మోగించే సమీక్షకులు ఉన్నారు. పేరు అంత పెద్ద అక్షరాల్లో చూసుకోవడం యువ రచయితకు ఎంత తీపిగా ఉంటుందో నాకు తెలియనిది కాదు. కానీ ఆ తీపి మాట కళాకారుడికి కూడా మేలు చేయకపోవచ్చు. 1974 మేలో ‘ది రియల్ పేపర్’ అనే పత్రికలో జాన్ లాండౌ అనే విమర్శకుడు, అప్పటికి రికార్డులు పెద్దగా అమ్ముడుపోని అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కచేరీ విని, రాక్ సంగీతపు భవిష్యత్తును చూశాననీ, దాని పేరు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనీ రాశాడు. ఆ వ్యాసం నిజానికి సంగీతంతో తన జీవితం ఎలా ముడిపడిందో, ఆ ముడి ఎలా సడలుతోందో తలచుకుంటూ ఒక మనిషి రాసుకున్న ఆత్మీయమైన రచన. ఆ వాక్యానికి ముందు తన గతం కళ్ళ ముందు మెదిలిందన్న వాక్యం ఉంది. రికార్డు కంపెనీ ఆ గతాన్ని వదిలేసి భవిష్యత్తును ప్రకటనలకెక్కించింది. ఆ ప్రచారం గాయకుడికే భారమై, 1975లో లండన్ కచేరీకి వెళ్ళినప్పుడు అక్కడి పోస్టర్లను తన చేతులతోనే చించేశాడు. పొగడ్తను నిజాయితీగా రాసినవాడు, దాన్ని అందుకున్నవాడు ఇద్దరూ ఉన్నా, మధ్యలో కోత జరిగితే ఇద్దరికీ ఇబ్బందే.

నువ్వు అడిగిన రెండో ప్రశ్న ఇంకా లోతైనది. తిట్లను దాచుకోకుండా, తిట్టే ప్రచారంగా వాడుకునే సంగీతకారుల గురించి ఏమనుకోవాలని అడిగావు. “చెవులకు శిక్ష” అని ఎవరో రాస్తే దాన్నే ఆల్బమ్ ప్రకటనలో వేసుకునే బృందాలు ఉన్నాయి. పూర్తి వాక్యాన్ని, రాసినవారి పేరుతో, ఉన్నది ఉన్నట్టు వేసుకుంటే నేను దాన్ని తప్పు పట్టను. పెద్ద శబ్దం, కర్కశమైన స్వరం తమ మార్గమని నమ్మినవారికి ఆ నింద ఒక రకంగా చిరునామా. అలాంటి సంగీతం కావాలనుకునే శ్రోత దాన్ని చదివే వస్తాడు. అక్కడ మోసపోయినవాడు లేడు. పేరు లేని కళాకారుడు ఇలా చేయడానికి వ్యాపార కారణం కూడా ఉంది. 2010లో ‘మార్కెటింగ్ సైన్స్’ పత్రికలో జోనా బెర్గర్, అలన్ సోరెన్‌సెన్, స్కాట్ రాస్‌మ్యుసెన్ ప్రచురించిన పరిశోధన పుస్తకాల గురించే అయినా ఇక్కడ పనికివస్తుంది. ‘న్యూయార్క్ టైమ్స్’లో వచ్చిన ప్రతికూల సమీక్ష పేరున్న రచయితల అమ్మకాలను సుమారు 15 శాతం తగ్గిస్తే, ఎవరికీ తెలియని రచయితల అమ్మకాలను సుమారు 45 శాతం పెంచిందని వారు తేల్చారు. రోజులు గడిచేకొద్దీ నింద మసకబారుతుంది, పేరు మాత్రం గుర్తుండిపోతుంది. నీ కఠినమైన సమీక్ష ఒక కొత్త గాయకుడిని ముంచేస్తుందని నువ్వు భయపడుతున్నట్టయితే ఆ భయం కొంత తగ్గించుకోవచ్చు.

కానీ ఈ దారిలోనే ఇంకో రకమైన కోత ఉంది, అది ఎవరి కంటా పడదు. 1881లో వియన్నాలో రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ వయొలిన్ కన్చెర్టో (వాద్యబృందంతో కలిసి వయొలిన్ ప్రధానంగా సాగే రచన) మొదటిసారి వినిపించినప్పుడు, ఆ నగరంలో అందరూ గౌరవించే విమర్శకుడు ఎడువార్ట్ హాన్స్‌లిక్ దాన్ని చెవికి కంపు కొట్టే సంగీతమన్న ధోరణిలో రాశాడు. ఈనాడు ఆ రచనను వాయించని పెద్ద వయొలిన్ విద్వాంసుడు అరుదు. బేతొవెన్ కాలం నుంచి పెద్ద స్వరకర్తలు తిన్న తిట్లను ఏర్చి నికొలాస్ స్లొనిమ్‌స్కీ 1953లో ఏకంగా ఒక సంకలనమే తెచ్చాడు. ఇలాంటి కథలను ముందు పెట్టుకుని, “మహామహులనే తిట్టారు, నన్నూ తిట్టారు” అని తనకు వచ్చిన నిందను కిరీటంగా పెట్టుకునేవారిని నువ్వు తరచూ చూస్తావు. చరిత్రలోంచి వాళ్ళు తీసేసిన సగం ఏమిటంటే, తిట్లు తిని మరుగున పడిపోయిన వేలమంది. వాళ్ళలో చాలామంది ఆ తిట్లకు తగినవారే. మనం కూడా ఆ కథలను చదివి, హాన్స్‌లిక్‌లా నవ్వులపాలవుతామేమోనని ప్రతి కొత్త ప్రయోగానికీ తల ఊపకూడదు. నువ్వు విన్నది నువ్వు రాయి.

ఉటంకింపును పూర్తిగా నకిలీ చేసిన సందర్భాలూ లేకపోలేదు. న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వేకి చెందిన నిర్మాత డేవిడ్ మెరిక్ తన సంగీత నాటకాన్ని విమర్శకులు మెచ్చరని ఊహించి, న్యూయార్క్‌లోని ఏడుగురు పేరున్న విమర్శకుల పేర్లే ఉన్న ఏడుగురు మామూలు మనుషులను వెతికి పట్టుకుని, వారి మెచ్చుకోళ్ళను ఆ పేర్లతో 1962 జనవరిలో పత్రికా ప్రకటనగా ఇచ్చాడు. ఒక పత్రిక తొలి ఎడిషన్‌లో అది వచ్చేసింది కూడా. ఈ కథను చమత్కారంగా చెప్పుకుంటారు. టికెట్టు కొన్నవారిని తలచుకుంటే నాకు అందులో చమత్కారం కనిపించదు.

ఇక నువ్వు చేయవలసింది. అచ్చయిన నీ సమీక్షను తేదీతో సహా భద్రపరచుకో, పోస్టరు ఫొటో కూడా. ముందుగా మీ సంపాదకునికి చెప్పు. పోస్టరు మీద నీ పేరు కింద పత్రిక పేరు ఉంది కనుక ఇది వారి విషయం కూడా. తర్వాత గాయకుడికీ, నిర్వాహకులకూ మర్యాదగా ఒక ఉత్తరం రాయి. అందులో తీర్పులూ నిందలూ వద్దు: వాక్యం పూర్తిగా ఇది, మీరు వేసింది ఇది, దీని అర్థం తారుమారైంది, పూర్తి వాక్యం వేయండి లేదా నా పేరు తీసేయండి అని మాత్రమే అడుగు. కావాలంటే ఒక ఆధారం కూడా చేర్చు: అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తన ప్రకటనల మార్గదర్శకాల్లో, ఒకరి అభిప్రాయాన్ని సందర్భం నుంచి విడదీసి గానీ, మాటలు మార్చి గానీ దాని అర్థం చెడేలా వాడకూడదని స్పష్టంగా చెప్పింది. ఆ నియమం నీ ఊరికి వర్తించకపోవచ్చు, కానీ ఇది నీ ఒక్కడి పట్టింపు కాదని అవతలివారికి అర్థమవుతుంది. చాలాసార్లు గాయకుడికి అసలు ఈ సంగతే తెలిసి ఉండదు. పోస్టరు చేసినవారు సమీక్షలోంచి మెరిసే మాటలు ఏరుకుని ఉంటారు. సరిదిద్దుకునే అవకాశాన్ని అతనికి ఇవ్వు.

ప్రతీకారంగా ఇంకో సమీక్ష మాత్రం రాయకు. ట్రూమన్ తన కూతురి గురించి రాసినందుకు హ్యూమ్‌కు స్వయంగా ఉత్తరం రాసి, ఎదురైతే ముక్కు పగలగొడతానన్నంత పని చేశాడు. హ్యూమ్ బదులు తీర్చుకోలేదు. సన్నిహిత మిత్రుడిని పోగొట్టుకున్న దుఃఖంలో ఉండి, ప్రపంచ సంక్షోభపు భారం మోస్తున్న మనిషి కోపాన్ని అర్థం చేసుకోవాలని అన్నాడు. సమీక్షలోని ఒక్క మాటనూ వెనక్కి తీసుకోలేదు కూడా. ఆ రెండూ కలిసి ఉండడమే నీలో నేను చూడాలనుకుంటున్నది.

ఆ గాయకుడి కచేరీ వచ్చే నెలలో మళ్ళీ ఉందనీ, వెళ్ళాలా వద్దా అనీ అడిగావు. వెళ్ళు, కానీ పోస్టరు సంగతి తేలకముందు సమీక్ష రాయకు. రాస్తే మంచి మాటైనా చెడ్డ మాటైనా దానికి కోపమో రాజీయో కారణమని అంటారు. నిర్వాహకులకు పంపే ఉత్తరం ముసాయిదాను ఈ వారంలో నాకు పంపించు. రెండు పేరాలకు మించకుండా చూసుకో, నీ పాత వాక్యాన్ని మాత్రం అందులో అక్షరం తేడా లేకుండా రాయి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి