రేసు మీద వాదనకు కూర్చునే ముందు: మేనల్లుడికి మావయ్య ఉత్తరం

చి. మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నీ మెయిల్ చదివి చాలాసేపు నవ్వుకున్నాను. లివర్‌పూల్ పక్కన ఎయింట్రీలో ఫెన్సులనే కంచెలు దూకుతూ సాగే గుర్రపు రేసు, అదే 1973 గ్రాండ్ నేషనల్ గురించి మీ ఫ్లాట్‌లో కుర్రాళ్లు అర్ధరాత్రి దాకా తగువులాడుకున్నారంటే, లివర్‌పూల్ గాలి మీకు బాగానే సోకిందన్నమాట. ఆ ఊరి ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్లూ నేను విన్న వాదనే ఇది. వార్డులో ఆక్సిజన్ పెట్టుకున్న ముసలాయన కూడా మాస్క్ తీసి మరీ తన అభిప్రాయం చెప్పేవాడు.

ఆ రేసులో రెండోదిగా వచ్చిన క్రిస్ప్ అనే గుర్రాన్ని దాని జాకీ రిచర్డ్ పిట్‌మన్ చేజేతులా ఓడించాడని నీ మాట. మొదట్లో పిచ్చి వేగంతో పోనిచ్చాడు, చివర్లో అనవసరంగా కొరడా తీశాడు, ఇవేగా నీ రెండు పాయింట్లు? శనివారం మళ్లీ కూర్చుంటామన్నావు కాబట్టి చెబుతున్నా. ఈ రెంటినీ ఒకే మూటలో కట్టకు. రెండోదానికి బలం ఉంది. మొదటిది మాత్రం నిన్ను ఇబ్బంది పెడుతుంది.

అందరూ ఆ రేసును చివరి నుంచి మొదలుపెడతారు. అలసిపోయి తూలుతున్న పెద్ద గుర్రం క్రిస్ప్, వెనక నుంచి దూసుకొస్తున్న రెడ్ రమ్, ముగింపు గీత దగ్గర ముప్పావు లెంగ్త్ (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో దాని గెలుపు. ఆ దృశ్యం చూశాక జాకీ తప్పు చేశాడని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకని వీడియోను ఆఖరి ఫెన్స్ దగ్గర ఆపు. అప్పటికి క్రిస్ప్ దాదాపు పదిహేను లెంగ్తులు ముందుంది. ఫలితం తెలియని మనిషిలా ఆలోచించు. అక్కడిదాకా పిట్‌మన్ చేసిన పనుల్లో ఏది మార్చమంటావు? మారిస్తే ఆ గుర్రం ఎలా పరిగెత్తేది? ఈ రెండో ప్రశ్నకు జవాబు లేకుండా ‘వేగం తగ్గించాల్సింది’ అనకు.

నీకున్న ఇంకో చిక్కు మలక్‌పేట అలవాటు. చిన్నప్పుడు మీ నాన్న వెంట రేసులకు వెళ్లి చూసినవన్నీ దూకడాలు లేని ఫ్లాట్ రేసులే. దక్కన్ డెర్బీ 2000 మీటర్లు, రెండు నిమిషాల వ్యవహారం. అక్కడ చివరి మలుపు దగ్గర ఎవరు ఎక్కడున్నారు, దారి దొరికిందా లేదా అన్నదే మాట. గ్రాండ్ నేషనల్ అప్పట్లో నాలుగున్నర మైళ్లు, ఏడు కిలోమీటర్ల పైమాట. దారిలో 30 ఫెన్సులు. తొమ్మిది నిమిషాల పాటు దమ్మును ఎలా ఖర్చుపెట్టారన్నదే ఇక్కడ లెక్క.

డాక్టర్‌ని కదా, ఈ దమ్ము సంగతి కాస్త వివరంగా చెప్పనీ. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కుతోనే పీల్చాలి. దౌడు తీస్తున్నప్పుడు అంగకు ఒక శ్వాస చొప్పున, అడుగుకూ ఊపిరికీ ముడిపడి ఉంటుంది. గాల్లోకి లేచి దూకినప్పుడు ఆ లయ తెగుతుంది, ఆ క్షణంలో శ్వాస ఆగుతుంది. నేల మీద పడ్డాక లయ మళ్లీ అందుకోవాలి. 30 సార్లు ఇదే పని. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి ముప్పై, నలభై సార్లు కొట్టుకునే గుండె పూర్తి వేగంలో 200 దాటేస్తుంది. ఆక్సిజన్ సరిపోని స్థాయికి తోలితే కండరాల్లో ఆమ్లం పేరుకుంటుంది, కాళ్లు బిగుసుకుంటాయి. ఆ స్థితి ఒకసారి వచ్చాక రేసు మధ్యలో తేరుకోవడం కష్టం. అలిపిరి మెట్లు మొదట్లో పరుగున ఎక్కినవాడు మోకాళ్ల మెట్టు దగ్గర ఎలా ఉంటాడో నీకు తెలుసుగా.

మరైతే ముందు నుంచీ వేగంగా పోవడం తప్పేగా అంటావు. ఇక్కడే నింపాదిగా ఆలోచించాలి. దమ్ము వేగానికే ఖర్చవదు. పగ్గాలు బిగబట్టి గుంజుతుంటే, కళ్లెంతో పెనుగులాడే గుర్రం కూడా అలసిపోతుంది. ఫెన్స్ ముందు అంగ కుదరక దగ్గరికొచ్చేసి, ఆగి ఎగిరితే ఊపు పోతుంది. పోయిన ఊపును మళ్లీ తెచ్చుకోవడం ఎంత ఖరీదో అంకెల్లో కనపడదు. పైగా గుంపు మధ్యలో ఉంటే ముందు పడిన గుర్రం అడ్డొస్తుంది. 1967లో 23వ ఫెన్స్ దగ్గర గుర్రాలన్నీ కుప్పపడితే, బాగా వెనకున్న ఫొయినావన్ పక్కనుంచి దాటి 100-1 ధరతో (రూపాయి కాస్తే వంద వచ్చే లెక్క) గెలిచింది. ముందుండటానికీ, బాగా వెనకుండటానికీ రెంటికీ కారణాలుంటాయి. నడిమధ్యలో ఉండటమే ఒక్కోసారి ప్రమాదం.

క్రిస్ప్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గుర్రం. 1971లో చెల్టెన్‌హామ్‌లో రెండు మైళ్ల ఛాంపియన్ ఛేజ్ గెలిచింది, అంటే అసలు బలం వేగమే. పట్టి ఆపితే చిరాకుపడే రకం. ట్రైనర్ ఫ్రెడ్ వింటర్ అయినా, పిట్‌మన్ అయినా దాన్ని స్వేచ్ఛగా వదిలితేనే మేలనుకోవడం తెలివితక్కువ కాదు. వీడియోలో చెయిర్ దగ్గర ఆ దూకుడు చూడు. ఆ కోర్సులో అన్నిటికన్నా ఎత్తయిన ఫెన్స్ అది. అక్కడే గ్రే సోంబ్రెరో అనే గుర్రం పడిపోయింది, పాపం ప్రాణమే పోయింది. క్రిస్ప్ మాత్రం తడబడలేదు. ఆ అంగలు చూశాక, పగ్గం బిగించి ఈ లయ చెడగొట్టమని నేనైతే ఏ జాకీకీ చెప్పలేను.

ఇప్పుడు బరువు. దీన్ని మీ వాళ్లెవరూ ఎత్తలేదంటే ఆశ్చర్యంగా ఉంది. గ్రాండ్ నేషనల్ హ్యాండిక్యాప్ రేసు, మేటి గుర్రం మీద ఎక్కువ బరువు పెడతారు. క్రిస్ప్ మీద 12 స్టోన్లు, అంటే 76 కిలోలు. రెడ్ రమ్ మీద 10 స్టోన్ల 5 పౌండ్లు. తేడా 23 పౌండ్లు, పది కిలోల పైనే. ఇందులో జాకీ, జీనుతో పాటు, తక్కువైనదాన్ని పూడ్చడానికి జీను కింద పెట్టే సీసం పలకలూ ఉంటాయి. జాకీ ఒళ్లు గుర్రంతో పాటు కదులుతుంది, సీసం కదలదు. నాలుగున్నర మైళ్లు పది కిలోలు అదనంగా మోసి ముప్పావు లెంగ్త్‌తో ఓడిపోతే, వేలెత్తి చూపాల్సింది ముందుగా జాకీనా, బరువునా?

అదే ఏడాది నవంబరులో డాంకాస్టర్‌లో రెండూ సమాన బరువుతో తలపడ్డాయి. క్రిస్ప్ ఎనిమిది లెంగ్తుల తేడాతో గెలిచింది. శనివారం ఎవరో ఒకరు దీన్ని బయటికి తీస్తారు, చూస్తుండు. బరువు లేకపోతే క్రిస్పే గొప్పదనడానికి ఇది గట్టి సాక్ష్యం. ఎయింట్రీలో క్రిస్ప్ దమ్ము ఎంతవరకు ఆగుతుందో మాత్రం ఇది చెప్పదు. ఆ రేసు మైలుకు పైగా పొట్టిది. రెడ్ రమ్‌ను చిన్నబుచ్చే పనీ చేయకు. సౌత్‌పోర్ట్ ఇసుకలో పరిగెత్తి తయారైన ఆ గుర్రం 1974లో మళ్లీ గెలిచి, తర్వాత రెండేళ్లూ రెండో స్థానంలో నిలిచి, 1977లో మూడోసారి గెలిచింది. వెంటాడినది మామూలు గుర్రమైతే క్రిస్ప్ ఎలా ముగించినా గెలిచేది. మూడో స్థానంలో వచ్చిన లెస్కార్గో 25 లెంగ్తుల వెనక ఉంది మరి.

వేగం గురించి మాట్లాడేటప్పుడు టైము దగ్గరుంచుకో. రెడ్ రమ్ 9 నిమిషాల 1.9 సెకన్లలో ముగించింది. 1934లో గోల్డెన్ మిల్లర్ పెట్టిన రికార్డు 18 సెకన్లకు పైగా బద్దలైంది. క్రిస్ప్ కూడా పాత రికార్డును దాటేసిందన్నమాట, అంత బరువుతో. కానీ టైమును నేలతో కలిపి చదవాలి. 2001లో అదే దూరం, బురద నేల, గెలిచిన రెడ్ మరోడర్‌కు 11 నిమిషాలు పట్టింది. మొత్తం నాలుగు గుర్రాలే చివరిదాకా వచ్చాయి, అందులో రెండింటిని మధ్యలో మళ్లీ ఎక్కి తోలారు. అలాంటి రోజున క్రిస్ప్‌లా పోనిస్తే నీ వాదనకు తిరుగుండేది కాదు. 1973లో నేల గట్టిగా ఉంది, వేగానికి అనుకూలం.

ఇక కొరడా. ఇక్కడ నీతో ఏకీభవిస్తాను. ఆఖరి ఫెన్స్ తర్వాత గీత దాకా 494 గజాలు. మధ్యలో ఎల్బో అనే వంపు దగ్గర కుడివైపు వంగి పోవాలి. పిట్‌మన్ కుడిచేత్తో కొరడా వేశాడు, అలసిన గుర్రం ఎడమకు వాలింది. దాన్ని మళ్లీ దారిలో పెట్టేసరికి గజాలు, ఊపు రెండూ పోయాయి. రెండు చేతులూ పగ్గాల మీదే ఉంచి దాన్ని కూడగట్టి తేవాల్సిందని ఆయనే తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నాడు. మీ స్నేహితులు పిట్‌మన్‌ను పూర్తిగా వెనకేసుకొస్తే ఇది ముందు పెట్టు. ఇప్పటి బ్రిటిష్ నిబంధనల్లో జంప్ రేసుకు కొరడా దెబ్బలు ఏడుకు మించకూడదు, కానీ ఆ కొలతతో అప్పటి జాకీని తిట్టకు. నీకు కావాల్సింది దెబ్బల సంఖ్య కాదు, ఆ దెబ్బ వల్ల గుర్రం దారి తప్పడం.

అవతలివాళ్లు బాగా గట్టిగా ఉంటే 2018 రేసు పెట్టించు. టైగర్ రోల్ మీద డేవీ రస్సెల్ ఆఖరి ఫెన్స్ తర్వాత స్పష్టంగా ముందున్నాడు. గీత దగ్గరికొచ్చేసరికి ప్లెజెంట్ కంపెనీ దాదాపు పట్టేసింది, తల తేడాతో బయటపడ్డాడు. ఇంకో నాలుగడుగులుంటే అతన్నీ పిట్‌మన్‌లాగే తిట్టేవాళ్లేమో! గెలిచాడు కాబట్టి ధైర్యం అన్నారు. తొందరపడి ముందుకెళ్లడం తప్పని నీ వాదనైతే, ఆ రేసులోనూ అది తప్పని చెప్పగలగాలి. చెప్పలేవా, అయితే నువ్వు ఫలితం మీద వాదిస్తున్నావు.

ఒక్క హెచ్చరిక. వాదన వేడెక్కాక ‘ఎలాగైనా చివరిదాకా తోలాల్సింది’ లాంటి మాటలు నోట్లోంచి జారతాయి. దమ్ము అయిపోయిన గుర్రాన్ని మధ్యలో ఆపేసే జాకీ కూడా మంచి నిర్ణయమే తీసుకుంటున్నాడు. అలసిన గుర్రం ఫెన్స్ దగ్గర పడితే ఏమవుతుందో ఆ ఊళ్లో వాళ్లకు చెప్పక్కర్లేదు.

నా లెక్క అడిగావు కాబట్టి: ఓటమిలో పెద్ద వాటా బరువుది, చిన్న వాటా ఆ ఒక్క దెబ్బది, మొదటి వేగానికి దాదాపు ఏమీ లేదు. మీ అత్తయ్య మాత్రం ఇందులో ఒక్క మాట ఒప్పుకోదు, గెలుపంతా రెడ్ రమ్ జాకీ బ్రయన్ ఫ్లెచర్ వదలకుండా వెంటాడటం వల్లేనంటుంది. 1968లో కూడా రెడ్ అలిగేటర్ మీద గెలిచినవాడని ఆమె పాయింటు. నిజమే, వాళ్లిద్దరి తర్వాత మూడోవాడికి ఎంత దూరమో చూస్తే ఆమె మాటా కొట్టిపారేయలేను. శనివారం ఈ కోణం ఎవరైనా ఎత్తుతారేమో చూసి రాయి. వీడియో రెండో సర్క్యూట్‌లో బీచర్స్ బ్రూక్ అనే ఫెన్స్ తర్వాత ఫ్లెచర్ ఎప్పుడు వేగం పెంచాడో ఫెన్స్ నంబరుతో సహా రాసి పంపు, ఆమెతో నాకు పనుంది.

ఇట్లు,
మీ మావయ్య,
హైదరాబాద్