మంచం మీద ఒళ్లు తుడిచేటప్పుడు అసలు పని ఆరబెట్టడమే

పక్షవాతంతో మంచం దిగలేని నాన్నగారికి రోజూ ఒళ్లు తుడుస్తున్నా గజ్జల్లో చర్మం ఒరుసుకుపోతోంది, సబ్బు మార్చాలా అని అడిగారు.

సబ్బు సంగతి తర్వాత. ముందు మడతల్లో తడి మిగులుతోందేమో చూడండి. చంకలు, గజ్జలు, పొట్ట మడత, కాలివేళ్ల సందులు మెత్తటి తుండుతో అద్దాలి, రుద్దకూడదు. వేలు పెట్టి చూస్తే చెమ్మ తగలకూడదు. పౌడర్ వద్దు, చెమటకి ఉండకట్టి అదే గీరుతుంది. ఎర్రటి చోట చుట్టూ చిన్న పొక్కులుండి దురద పెడుతుంటే అది ఫంగస్ కావచ్చు, డాక్టరుకి చూపించండి.

రెండు బేసిన్లు పెట్టుకోండి, ఒకటి సబ్బునీళ్లకి, ఒకటి ఉత్త నీళ్లకి. వేడి 40 డిగ్రీల దగ్గర చాలు. పడిపోయిన వైపు ఆయనకి స్పర్శ తెలియకపోవచ్చు కాబట్టి మీ మోచేయి ముంచి చూడండి. చల్లారినా మురికైనా నీళ్లు మార్చాల్సిందే. ఫ్యాన్ ఆపి, దుప్పటి కప్పి, తుడిచే భాగం మాత్రమే బయటికి తీయండి. మనిషిని మొత్తం విప్పి పడుకోబెట్టడం చలికే కాదు, ఆయన మర్యాదకీ మంచిది కాదు.

కళ్లకి సబ్బు తగలకూడదు. ముక్కు వైపు కొలికి నుంచి బయటికి తుడవండి, రెండో కంటికి గుడ్డ అంచు మార్చండి. తర్వాత ముఖం, చేతులు, ఛాతీ, పొట్ట, కాళ్లు, వీపు. మర్మాంగాలు చివర్న, కొత్త నీళ్లతో, ముందు నుంచి వెనక్కి.

చొక్కా విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు, తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు. ఆ చెయ్యి పట్టుకుని లాగేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది, పట్టు తప్పిన భుజం కీలు జారిపోతుంది.

వీపుకి ఇద్దరుండాలి. అవతలి మోకాలు మడిచి, అవతలి చెయ్యి ఛాతీ మీద పెట్టి, భుజం, తుంటి మీద అరచేతులాన్చి ఒకరు తమ వైపు తిప్పుకుని పట్టుకోవాలి. రెండో మనిషి తుడుస్తూ నడుము కింది ఎముక, తుంటి, మడమలు చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఒత్తిడి తగ్గించి గమనించండి. తెల్లబడకపోతే పడక పుండు మొదలవుతున్నట్టే. చామనఛాయ ఒంటి మీద ఎరుపు కనపడకపోవచ్చు, వేడి, గట్టిదనం తడిమి చూడండి. అక్కడ మర్దన చేయొద్దు, ఆ వైపు పడుకోబెట్టొద్దు, అదే రోజు నర్సుకి చూపించండి.