చర్చ పేరు పక్కన ఏం చూపిస్తే చదివేవాళ్లకు పనికొస్తుంది?

ఆన్‌లైన్ చర్చావేదికలో చర్చ పేరు పక్కన జవాబుల సంఖ్య ఒక్కటే సరిపోతుందా, ఏది నడుస్తోందో ఏది ఆగిపోయిందో తెలిసేలా ఇంకేమైనా పెట్టాలా అని అడిగారు. మిద్దె తోటలు పెంచేవాళ్ల కోసం ఒక చిన్న చర్చావేదికను ఆరేళ్లుగా చూసుకుంటున్నాను. సంఖ్య ఒక్కటే చాలదండి. దాన్ని నమ్ముకుంటే నష్టం కూడా ఉంది.

మొదట్లో నేను 25 జవాబులు దాటిన చర్చకు, అది జోరుగా నడుస్తోందని తెలిసేలా, నిప్పు బొమ్మ వచ్చేలా పెట్టాను. మా దగ్గర 'ఈరోజు కోసిన కూరగాయలు' అని ఫొటోలు పెట్టుకునే చర్చ ఒకటుంది. దానికి ఆ బొమ్మ వచ్చింది, ఇక పోలేదు. మొత్తం సంఖ్య పెరగడమే తప్ప తగ్గదు కదా. రెండేళ్ల కిందట ఆగిపోయిన చర్చల మీద కూడా నిప్పు వెలుగుతూనే ఉండేది.

ఆ రోజుల్లోనే ఒకావిడ మందార మొక్కలకు పిండినల్లి పురుగు పట్టిందని అడిగారు. ఎవరో 'ఫొటో పెట్టండమ్మా' అన్నారు. ఆవిడ ఆ సాయంత్రమే పెట్టారు. తర్వాత 11 రోజులు ఎవరూ పలకలేదు. 'జవాబు రానివి' అనే జాబితా నేను రోజూ చూసేవాణ్ణి. కానీ అందులోకి సున్నా జవాబులున్నవే వస్తాయి. ఇక్కడ అప్పటికే రెండున్నాయి: ఫొటో అడిగినది ఒకటి, ఆవిడ పెట్టినది ఒకటి. లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టమని చెప్పగలిగినవాళ్లు మాలో ఎంతోమంది. మేం చూసేసరికి ఆవిడ మొక్కలు పీకేశారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

అందుకే మీరు ఇంకేం పెట్టకపోయినా ఇది పెట్టండి. చివరి మాట అడిగినవాళ్లదే అయి, ఒక రోజు దాటితే, ఆ చర్చ పక్కన 'ఎదురుచూస్తున్నారు' అని కనిపించాలి. అయితే 'థాంక్స్, తగ్గిపోయింది' అన్నది కూడా అడిగినవాళ్ల చివరి మాటే అవుతుంది. కాబట్టి 'సమస్య తీరింది' అనే బటన్ వాళ్లకే ఇవ్వండి. అది నొక్కగానే ఆ గుర్తు పోవాలి.

నిప్పు బొమ్మ తీసేసి మేం మూడు పెట్టుకున్నాం: చివరి మాట ఎప్పటిది, మొత్తం ఎన్ని, మాట్లాడింది ఎంతమంది. ఈ మూడోది చాలామంది పట్టించుకోరు. 40 జవాబులు, ఇద్దరు మనుషులు అంటే అది ఆ ఇద్దరి వాదన. 12 జవాబులు, 9 మంది అంటే అక్కడ రకరకాల అనుభవాలు దొరుకుతాయి. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లు చర్చించుకునే రచ్చబండ పేజీలో శీర్షికల కింద చూడండి, ఈ మూడే ఉంటాయి. చర్చావేదికలు నడిపే డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో అయితే పాల్గొన్నవాళ్లలో అయిదుగురి వరకు బొమ్మలు వరసగా కనిపిస్తాయి. తెలిసిన ముఖం ఉంటే చర్చ తెరవాలనిపిస్తుంది.

రోజూ వచ్చేవాళ్లకు మాత్రం అన్నిటికన్నా అక్కరకొచ్చేది 'మీరు చూసి వెళ్లాక 4 కొత్తవి' అన్న లెక్క. నొక్కితే నేరుగా చదవని మొదటి మాట దగ్గరికి వెళ్లాలి. డిస్కోర్స్‌లోనూ, అలాంటిదే అయిన పీహెచ్‌పీబీబీ సాఫ్ట్‌వేర్‌లోనూ చదవని మొదటి మాటకు వెళ్లే సౌకర్యం ఉంది. ఎవరు ఎక్కడిదాకా చదివారో గుర్తుపెట్టుకోవాలి కాబట్టి ఈ లెక్క లాగిన్ అయినవాళ్లకే నమ్మకంగా చూపించగలం. మిగతావాళ్లకు చివరి మాట సమయం చాలు.

ఇంకొకటి. మామిడి పూత రాలడం గురించి నాలుగేళ్ల నాటి చర్చలో నిన్న ఎవరో 'బాగుంది' అని రాస్తే అది పైకి వచ్చేస్తుంది, 'నిన్న' అనే కనిపిస్తుంది. కొత్త ప్రశ్న అనుకుని మావాళ్లు మళ్లీ మొదటినుంచీ జవాబులు రాశారు. మొదలైన తేదీ కూడా పక్కనే ఉండాలి.

తేడా చూపడానికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీదే ఆధారపడకండి. మా సభ్యుల్లో ఇద్దరికి ఆ రెండు రంగులూ ఒకేలా కనిపిస్తాయి. చదవనివాటి పేర్లు మేం బొద్దు అక్షరాల్లో పెట్టాం, అందరికీ సరిపోయింది. మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఏదో చెబితే వీటిలో ఏవి అందులో ముందే ఉన్నాయో చూసి రాస్తాను.