ఇంట్లోనే ఉన్నావు కదా!

శ్రీకాకుళం,
ఆదివారం

చిరంజీవి మేనల్లుడికి అత్త దీవెనలు.

మొన్న ఫోన్లో "ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఇంట్లోంచి ఎలా పనిచేశావత్తా?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోపే "కాల్ వస్తోందత్తా" అని పెట్టేశావు. వాట్సాప్‌లో రాస్తే చదవకుండానే దండం బొమ్మ పెట్టేస్తావని కాగితం మీద రాస్తున్నాను. చిన్నోడి చేతికి అందకుండా చదువుకో.

నా పనీ నీ పనీ ఒకటి కాదులే. నువ్వు కోడ్ రాస్తావు, నేను అమెరికా డాక్టర్లు చెప్పింది విని టైపు చేసేదాన్ని. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అనేవారు. చెవులకి హెడ్‌ఫోన్లు, కాలి కింద రికార్డింగుని ఆపి నడిపించే పెడల్, లైనుకి ఇంత అని డబ్బులు. ఖాళీలతో కలిపి 65 అక్షరాలు పడితే ఒక లైను. ఫైలు వచ్చిన నిమిషం నుంచి గడియారం మొదలు. మామూలు ఫైలైతే 24 గంటలు, కొన్నిటికి 12, అర్జంటు అని రాసి ఉంటే రెండు మూడు గంటలే. మీ మామయ్య డ్యూటీకి వెళ్ళాక ఇంట్లో నేను, పిల్లలు, ఆ డాక్టర్ల గొంతులు. నీ అవస్థ నాకు కొత్తేమీ కాదు.

ముందు జనం సంగతి తేల్చేద్దాం. ఇంట్లో కూర్చుని చేసేదాన్ని ఎవరూ పని అనుకోరు. పైగా నువ్వు మగాడివి. అమ్మాయి, అదే మీ ఆవిడ, డీఎస్సీలో సెలక్టై పొద్దున్నే బస్సెక్కి బడికి పోతోంది, నువ్వేమో బెంగుళూరు నుంచి విజయనగరం వచ్చేసి పిల్లాణ్ణి చంకనేసుకుని గుమ్మంలో కనిపిస్తున్నావు. "ఏటి, బాబుకి ఉద్యోగం పోయిందా?" అని తోటపాలెంలో ఎవరో మీ అమ్మనే అడిగారట. అడగనీ. వాళ్ళకి నీ జీతం లెక్క చెప్పి ఒప్పించాలని చూడకు. వాళ్ళ వల్ల నీకు పోయేది పరువు కాదు, టైము. గ్యాస్ బండ వస్తే నువ్వే, పక్కింటి కొరియర్ దించుకోవడానికి నువ్వే, మీ నాన్న పింఛను పని మీద బ్యాంకుకి నువ్వే. ఇంట్లోనే ఉన్నావు కదా! దీనికి "నాకు పనుంది" అనేది జవాబు కాదు, ఎవరి చెవికీ ఎక్కదు. "పన్నెండున్నరకి చేస్తాను" అను. గంట చెప్తే మనవాళ్ళు ఆగుతారు. చెప్పిన గంటకి చేసిపెట్టు మరి, లేకపోతే రెండోసారి ఆగరు.

ఆఫీసు దగ్గరా ఇదే చిక్కు, తిరగేసి. తొమ్మిది నుంచి ఆరు దాకా నీ చేతిలోనే ఉన్నట్టు మాటిచ్చేస్తున్నావు. అవన్నీ నీవి కావు. ఒక వారం పాటు కాగితం మీద రాసి చూడు. పెద్దది బడికి వెళ్ళాక చిన్నోడు తీసే కునుకు, మధ్యాహ్నం నిద్ర, అమ్మాయి ఇల్లు చేరాక దొరికేది. ఇవే నీవి. అన్నీ కలిపి నాలుగు, నాలుగున్నర గంటలు తేలితే మంచి రోజు. మిగతావన్నీ సగం గంటలు, కళ్ళు స్క్రీన్ మీద, చెవులు పిల్లాడి మీద. సగం గంటల్లో పెట్టాల్సిన పని వేరు. కొత్త డాక్టరు ఫైలు, అందులోనూ యాస అంతుపట్టనిది, నేను పిల్లలు పడుకుంటేనే తెరిచేదాన్ని. రోజూ వినే గొంతు, రోజూ వచ్చే మాటలే ఉండే ఎక్స్‌రే రిపోర్టులైతే పక్కన పొయ్యి మీద పాలున్నా కొట్టేసేదాన్ని. నీకూ అలాంటివి ఉంటాయి. మెయిల్స్, టైమ్‌షీట్, మీటింగ్ నోట్సు. తల తినేసే బగ్‌ని మాత్రం పిల్లాడు మేలుకుని ఉండగా ముట్టుకోకు. వాడి మీద విసుక్కుంటావు, బగ్ ఎక్కడిదక్కడే ఉంటుంది.

తెల్లవారుజామున లేచి చేసుకుంటానన్నావు. మంచిదే, కానీ రాత్రి అమెరికా కాల్స్ కూడా నువ్వే పట్టుకుంటే రెండో వారానికే పడకేస్తావు. ఏదో ఒక కొసే ఎంచుకో.

"ఈఓడీకి (రోజు ముగిసేలోగా) ఇచ్చేస్తాను" అనే మాట మానెయ్. ఎవరి ఈఓడీ? బెంగుళూరు మేనేజరుకి సాయంత్రం ఆరు. న్యూయార్కులో సాయంత్రం ఆరంటే మనకి తెల్లవారుజామున మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. ఈ తేడాలోనే నిద్రలు పోతాయి. "రేపు మధ్యాహ్నం పన్నెండుకి, మన టైం" అని రాసి పంపు. నువ్వు పదకొండుకి ముగించగలిగితేనే పన్నెండు అని చెప్పు, ఆ గంట పిల్లాడిది.

ఇంకో సంగతి, ఇది కొత్తవాళ్ళకి తట్టదు. అమెరికా వాళ్ళు మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి తిప్పుకుంటారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుకుంటారు. వాళ్ళ పొద్దున తొమ్మిది గంటల కాల్ వేసవిలో మనకి సాయంత్రం ఆరున్నరకి. అప్పటికి అమ్మాయి ఇంట్లో ఉంటుంది, పిల్లలు వీధిలో ఆడుకుంటూ ఉంటారు, బాధ లేదు. నవంబరు వచ్చేసరికి అదే కాల్ ఏడున్నరకి జరుగుతుంది. ఏడున్నరంటే అన్నాలు పెట్టి పడుకోబెట్టే వేళ, ఇద్దరూ కూడబలుక్కుని ఏడ్చే వేళ. అక్టోబరులోనే మేనేజరుతో మాట్లాడి వాళ్ళ ఎనిమిది గంటలకి మార్పించుకో. మన ఆరున్నర మనకే ఉంటుంది. ముందుగా అడిగితే ఒప్పుకోవడానికే చూస్తారు. కాల్ మధ్యలో పిల్లాడు ఏడ్చాక అడిగితే సాకులా వినిపిస్తుంది.

అక్టోబరు అన్నాను కాబట్టి, ఆ నెలలో పెద్ద సాఫ్ట్‌వేర్ రిలీజు ఏదీ నెత్తిన వేసుకోకు. విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం, ముందురోజు సోమవారం తొలేళ్లు. బెంగుళూరు వాళ్ళ సెలవుల జాబితాలో అది ఉండదు, ఆ రోజు మన ఊళ్ళో ఏం జరుగుతుందో వాళ్ళకి తెలీదు. కోట నుంచి గుడి దాకా కాలు పెట్టే చోటుండదు, మీ ఇంట్లో చుట్టాలు ఎంతమంది దిగుతారో అమ్మవారికే తెలియాలి. ఆ రెండు రోజులూ సెలవు అని పండక్కి నెల ముందే పెట్టెయ్. "మా ఊరి జాతర" అని రాయి, సిగ్గేముంది. ఇక తుఫాన్లు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న. మా వైపు ఉద్దానంలో తిత్లీకి కొబ్బరి, జీడి తోటలే పోయాయి, కరెంటు సంగతి చెప్పేదేముంది. వాయుగుండం అని వార్తల్లో వినగానే చేసిన పనంతా సర్వర్లోకి ఎక్కించేసి, "రెండు రోజులు అందుబాటులో ఉండకపోవచ్చు" అని మెయిల్ పెట్టు. తుఫాను దారి తప్పితే ఎవరూ నిన్ను తిట్టరు.

మామూలు రోజుల కరెంటుకి ఇంత కథ అక్కర్లేదు. లైన్ల పనుల కోసం ఎప్పుడు ఆపుతారో జిల్లా పేపర్లో వేస్తారు, మీ నాన్న ఎలాగూ మొదటి అక్షరం నుంచి చదువుతారు, ఆ పని ఆయనకి అప్పజెప్పు. ఇన్వర్టర్ ఉంది సరే, రౌటరుకి విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకో. ఫోన్లో రెండో సిమ్ వేరే కంపెనీది వేసుకో.

ఇప్పుడు పిల్లలు. నీ మరదలు పాకే వయసులో బల్ల కిందికి దూరి నా పెడల్ మీద అరచెయ్యి ఆనించేది. ఆగిన డాక్టరు టక్కున మళ్ళీ మొదలెట్టేవాడు, నేనేమో ఇంకా ముందు వాక్యంలోనే ఉండేదాన్ని. చెయ్యి తీస్తే ఏడుపు. చివరికి పాడైపోయిన పాత పెడల్ ఒకదానికి వైరు కత్తిరించి దాని ముందు పెట్టాను. అది తన పెడల్ నొక్కేది, తలెత్తి నా మొహంలోకి చూసేది, నేను తలూపేదాన్ని. మళ్ళీ నొక్కేది. అలా ఓ అరగంట గడిచిపోయేది. అందుకే చెప్తున్నాను, పెద్దదానికి పాత కీబోర్డు ఒకటి ఇచ్చి నీ బల్ల పక్కనే చిన్న పీట వెయ్యి. "నాన్న పని చేసుకోవాలి, నువ్వు అవతలికి పో" అంటే పోదు. "రా, నువ్వూ ఆఫీసుకి" అంటే కూర్చుంటుంది.

దానికి గుర్తు కూడా నేర్పు. హెడ్‌ఫోన్లు చెవుల మీద ఉంటే మాట్లాడకూడదు, మెడలో ఉంటే మాట్లాడొచ్చు. పిల్లలు దీన్ని తొందరగానే పట్టేస్తారు. మెడలో ఉన్నప్పుడు మాత్రం నువ్వు నిజంగా మాట్లాడాలి. మెడలో వేసుకుని ఫోన్ గీకుతూ కూర్చుంటే ఆ గుర్తు ఎందుకూ పనికిరాదు.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. రెండేళ్ళు నిండని పిల్లలకి స్క్రీనే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నేను దానికి ఒక్క ముక్క కలుపుతాను. పెద్దదానికి ఇచ్చే ఆ గంటని పొద్దున్నే ఇడ్లీ తినిపించడానికి ఖర్చుపెట్టేయకండి. క్లయింటు కాల్ పడే గంటకి దాచుకోండి. చిన్నోడికి గిన్నెలు, గరిటెలు చాలు. చప్పుడంటావా, మ్యూట్ ఉన్నది అందుకే.

మీ అమ్మ వచ్చినప్పుడల్లా పిల్లల్ని ఆవిడ మీద వదిలేసి తలుపేసుకుంటున్నావట. వదిన నాతో అనలేదు, మీ నాన్న అన్నాడు. ఆవిడకి మోకాళ్ళు నొప్పులు, పైగా మధ్యాహ్నం సీరియల్ ఉంది. నవ్వకు, నీకు రోజూ టీంతో ఉండే స్టాండప్ కాల్ ఎంతో ఆవిడకి అది అంతే. "అమ్మా, పది నుంచి పన్నెండు నువ్వు చూసుకో, తర్వాత నేను" అని చెప్పి ఆ మాట మీద నిలబడు. చోడి అంబలి తాగించడం, కథలు చెప్పడం ఆవిడ చేస్తుంది. పరిగెత్తి పట్టుకోవడం నీ పని.

సెలవుల విషయం కూడా ఆలోచించుకోండి. ప్రసూతి ప్రయోజనాల చట్టంలో 2017లో చేసిన సవరణ తల్లికి 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చింది, పని స్వభావం కుదిరితే ఆ తర్వాత ఇంటి నుంచి చేయడం గురించి యజమానితో మాట్లాడుకోవచ్చని కూడా అంది. ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి అలాంటిదేమీ లేదు, కంపెనీ దయ. అందుకని పిల్లాడికి జ్వరం వచ్చిన ప్రతిసారీ నువ్వే ఆగిపోవడం కుదరదు. ప్రభుత్వ మహిళా ఉద్యోగులకి మన రాష్ట్రంలో పిల్లల సంరక్షణ సెలవు 180 రోజులు ఉంది, విడతలుగా వాడుకునేది. తనకి ఎలా వర్తిస్తుందో అమ్మాయిని హెచ్ఎం గారిని అడిగి తెలుసుకోమను. నీ రిలీజు రోజులు, వాళ్ళ బడి పరీక్షల రోజులు ఒకే క్యాలెండర్లో రాసి వంటింట్లో తగిలించండి. ఏ వారంలో ఎవరికి బరువో ఇద్దరికీ కళ్ళెదురుగా ఉంటే ఎవరు ఆగాలా అని జ్వరం రోజు పొద్దున పోట్లాడుకోనక్కర్లేదు.

అమ్మాయి గురించి ఒక మాట. తను బస్సు దిగి గుమ్మంలోకి రాగానే పిల్లాణ్ణి చేతిలో పెట్టి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటున్నావట. రోజంతా మోశావు, నిజమే. తనూ నలభైమంది పిల్లల మధ్య నిలబడి, వచ్చేటప్పుడు బస్సులోనూ నిలబడే వచ్చింది. కాళ్ళు కడుక్కుని ఒక గ్లాసు టీ తాగేదాకా ఆగు. ఆరున్నర కాల్‌కి ఆరింటి నుంచే చెవులు మూసుకోనక్కర్లేదు. రాత్రి వంట ఎవరిదన్న గొడవ లేకుండా కూర పొద్దున్నే రెండు పూటలకీ వండేయండి.

వచ్చే నెల రెండో వారం నేను వస్తున్నాను, వారం ఉంటాను. నిశ్శబ్దం కావాల్సిన పనేదైనా ఉంటే ఆ వారానికి పెట్టుకో, పిల్లల్ని అయ్యకోనేరు గట్టు మీదికి నేను తిప్పుకొస్తాను. రెండు నుంచి మూడున్నర దాకా మాత్రం నేను పడుకుంటాను. ఆ గంటన్నర వాళ్ళు నీ దగ్గరే ఉంటారు, మీటింగులు పెట్టుకోకు.

ఇట్లు,
మీ అత్త