బట్టీ పట్టిన పదాలు వారానికే ఎందుకు జారిపోతాయి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. బ్యాంకు పరీక్షల కోసం పెద్ద ఇంగ్లిష్ పదాలు రోజుకు ముప్పై చొప్పున, పక్కన తెలుగు అర్థం రాసుకుని బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి సగం గుర్తుండవు. గుర్తున్నవి వాక్యంలో పెడితే తప్పంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: ముందు ముప్పై నుంచి ఎనిమిదికి దిగండి. అర్థం పక్కనే కనిపిస్తుంటే కళ్లు చదువుకుపోతాయి గానీ బుర్ర వెతకదు. వెతికి తెచ్చుకున్న మాటే నిలుస్తుంది. అట్టముక్కకు ఒకవైపు ఖాళీ వదిలిన వాక్యం, రెండోవైపు పదం రాయండి. మర్నాడు, 3వ రోజు, 7వ రోజు, 16వ రోజు తీసి చూసుకోండి. తప్పిన అట్ట మళ్లీ మొదటికి రావాలి. ఆదివారం కొత్త పదాలొద్దు.

వాక్యంలో తప్పులు రావడానికి కారణం ఆ ఒక్క తెలుగు అర్థమే. 'మిటిగేట్' పక్కన 'తగ్గించు' అని రాసుకుంటే, కొబ్బరికాయల ధరకూ అదే వాడేస్తారు. ధరకు 'రెడ్యూస్' చాలు. మిటిగేట్ చేసేది కీడును: వరద నష్టాన్ని, ముప్పును, బాధ తీవ్రతను. అందుకని ప్రతి అట్ట మీదా ఆ పదంతో జతకట్టే మాటలు రెండైనా రాయండి. అర్థం కన్నా ఇదే ముఖ్యమని మా గట్టి అభిప్రాయం.

ఇక ధాతువులు. లాటిన్‌లో 'ఉండా' అంటే అల. గోదావరి పొంగి లంకలను ముంచెత్తడం 'ఇనండేట్'. దరఖాస్తులు వెల్లువెత్తినా అదే మాట. పొంగిపొర్లేంత సమృద్ధి 'అబండెంట్'. పొర్లిపోగా అక్కర్లేకుండా మిగిలింది 'రిడండెంట్'. అలల్లా ఎత్తుపల్లాలుగా సాగడం 'అన్‌డ్యులేట్'. 'సరౌండ్' కూడా ఈ ఇంటిదే; 'రౌండ్' పోలిక వల్ల తర్వాత అర్థం మారింది. అయితే ఇవన్నీ ఒకే రోజు మొదలెట్టకండి. ఇనండేట్ గట్టిపడ్డాకే మిగతావి ఒక్కొక్కటిగా కలపండి. లేకపోతే ఒకదాని అర్థం ఇంకోదానికి అంటుకుంటుంది.

అక్షరక్రమంలో చదివితే జరిగేదీ ఇదే. 'అబేట్' అంటే వరదో గాలో ఉధృతి తగ్గడం, 'అబెట్' అంటే నేరానికి తోడ్పడటం. రెండూ ఒకే పూట చదివితే పరీక్షలో తారుమారవుతాయి. వాటి మధ్య వారం ఎడం ఉంచండి.

నిఘంటువు విషయానికొస్తే, విద్యార్థుల కోసం వేసిన ఇంగ్లిష్-ఇంగ్లిష్‌దే కొనండి. అందులో ముందు ఉదాహరణ వాక్యాలు చదివి, అర్థం మీరే ఊహించి, ఆ తర్వాతే వివరణ చూడండి.